ఎనిమిది వేలలో ఒక గది

ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు అన్నారు పెద్దలు. పెళ్ళి చేసుకున్నాను, కట్టకపోయినా, అప్పు చేసి ఒక ఇల్లు కొన్నాను. ఆ రెండు గండాలూ గడిచాయన్న ధీమాతో, ఉన్న ఇంట్లో పదడుగుల గది ఒకదాన్ని సర్దడం ఏపాటి పని అనుకున్నాను. అనుకున్నది రెండు ఆదివారాల పని. పట్టింది నలభై రోజులు. ఆ నలభై రోజుల్లో రంగులూ మేకులూ రంపపు పొట్టూ గురించి నేర్చుకున్నది కొంత, వాటితో సంబంధం లేనిది మరికొంత ఉంది. ఆ రెంటినీ విడదీసి చెప్పడం నాకు చేతకాదు కనుక జరిగింది జరిగినట్టే చెబుతాను. చదువరులు కాస్త ఓపిక పట్టాలి.

మాది హైదరాబాదులో రెండు పడకగదుల ఫ్లాటు. రెండో గది మేము కొన్న కొత్తలో ఇస్త్రీ కావలసిన బట్టలకూ, విప్పని అట్టపెట్టెలకూ నివాసంగా ఉండేది. మా ఆవిడ నెల తప్పిన తరువాత దానికి యోగం పట్టింది. గోడలకు మీగడ రంగు వేయించి, వాటిమీద ఐదడుగుల ఎత్తున వరసగా ఏనుగుల బొమ్మలు అంటించాము. బట్టలకు నాలుగు సొరుగుల బల్ల ఒకటి తెచ్చాము. కిటికీ వైపున, స్లాబు పోసేటప్పుడే వదిలిన రెండు ఇనుప కొక్కేలకు ఉయ్యాల వేలాడదీశాము. బారసాలకు వచ్చిన చుట్టాలంతా గదిని మెచ్చుకున్నారు. ఏనుగులను మరీ మెచ్చుకున్నారు.

ఇప్పుడు తలచుకుంటే నవ్వు వస్తుంది. వెల్లకిలా పడుకున్న పసిబిడ్డకు గోడమీది ఏనుగులు ఏం కనబడతాయి? కనబడేవి ఉయ్యాల గొలుసులు, పైన కొక్కేలు, ఆ పక్కన తిరిగే పంకా. మా పాప ఈ లోకంలో మొట్టమొదట ప్రేమించిన వస్తువు ఆ పంకాయే. మమ్మల్ని చూసి నవ్వడానికి చాలా ముందే దాన్ని చూసి కాళ్ళు కొట్టుకునేది. ఏనుగులు చుట్టాల కోసమూ, మా కోసమూ అంటించుకున్నవి.

పదో నెల దాటేసరికి ఉయ్యాల ఇరుకై, పాప మా గదిలోకి, మా ఇద్దరి మధ్యకు వచ్చేసింది. ఆ గది గదిలాగే ఉండిపోయింది. పగలు ఆటలకు, రాత్రి తలుపు వేసి ఉంచడానికి.

రెండేళ్ళ పది నెలల వయసులో ఒకనాటి ఉదయం పాప సొరుగుల బల్ల కింది సొరుగు లాగి దానిమీద ఒక కాలు వేసింది. రెండోది లాగి దానిమీద ఇంకో కాలు వేసింది. పై అరలో ఉన్న చెక్కబొమ్మ కావాలట. వంటింట్లోంచి పరుగెత్తుకొచ్చిన మా ఆవిడ బల్లను రెండు చేతులా ఆపకపోతే, అది ముందుకు వాలి పిల్లమీద పడి ఉండేది. ఏమీ కాలేదు. కానీ ఆ పూట ఇద్దరమూ సరిగా అన్నం తినలేదు. ఆ సాయంత్రమే అనుకున్నాము, ఇది పసిబిడ్డ గదిగా ఉన్నంతకాలం నడిచే పిల్లకు ప్రమాదమే, మార్చాలని.

మా ఇంట ఆర్థికమంత్రి మా ఆవిడ. ఇంటి అప్పు వాయిదా, వచ్చే జూనులో బడి ఫీజు, ఇవన్నీ కూడి తీసేసి "ఎనిమిది వేలు. అంతకు మించితే మీ పుస్తకాల పద్దులోంచి కోస్తాను" అని ప్రకటించి, ఒక పాత నోటుపుస్తకంలో కొత్త పేజీ తెరిచింది. పిండికొద్దీ రొట్టె. నేను గళ్ళ కాగితం తీసుకుని, అడుగుకు రెండు గళ్ళ చొప్పున గది పటం గీశాను. తలుపు ఇక్కడ, కిటికీ ఇక్కడ, మంచం ఇక్కడ, పుస్తకాలు ఇక్కడ. కిటికీ పక్కన ఒక దీర్ఘచతురస్రం గీసి అందులో 'ఉయ్యాల' అని రాశాను. పటం చూసి మా ఆవిడ బాగుందంది. ఉయ్యాల సంగతి ఆమె ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు. దాని మాట తరువాత చెబుతాను.

ముందు గదిని పిల్ల కళ్ళతో చూడాలని పించింది. పాప ఎత్తు 93 సెంటీమీటర్లు. నేను నేలమీద మఠం వేసుకుని కూర్చుంటే నా కళ్ళు సుమారుగా ఆమె కళ్ళ ఎత్తుకు వస్తాయి. అలా కూర్చుని గది నాలుగు మూలలకూ జరిగాను. మూడేళ్ళుగా చూస్తున్న గది నాకు కొత్తగా కనబడింది. బల్ల మూల సరిగ్గా కంటికి ఎదురుగా ఉంది. నేలకు అడుగు ఎత్తున ప్లగ్గు రంధ్రాలు వేలు పెట్టమని పిలుస్తున్నట్టున్నాయి. తన బట్టలు, తన బొమ్మలు, తన పుస్తకాలు అన్నీ అందని ఎత్తులో ఉన్నాయి. ఏది కావాలన్నా ఒకరిని అడగాలి, లేదా సొరుగులెక్కాలి. ఆమె ఆనాడు చేసింది అల్లరి కాదని అప్పుడు తెలిసింది. మరో దారి మేము ఉంచలేదు.

ఇది నేను కనిపెట్టిన సత్యమేమీ కాదు. మరియా మాంటిస్సోరి 1907 జనవరి 6న రోము నగరంలోని శాన్ లొరెంజో అనే పేదల పేటలో తన మొదటి 'పిల్లల ఇల్లు' తెరిచింది. బల్లలూ కుర్చీలూ అరలూ పిల్లల ఎత్తుకు తగ్గించడం ఆమె పద్ధతిలో ప్రధానమైన సంగతి. 1939లో ఆమె మద్రాసు వచ్చి అడయారులో ఉపాధ్యాయులకు శిక్షణ ఇచ్చింది. ఇప్పుడు ఆమె పేరు తగిలించిన మంచాలూ అరలూ అంతర్జాలంలో వెతికితే వేల రూపాయల ధరలతో కనబడుతున్నాయి. పేదల పేటలో పుట్టిన ఆలోచనకు ఆ ధరలు చూసి ఆవిడ ఏమనుకునేదో!

మొదట గోడలు. రంగు మొత్తం గదికి వేయనక్కరలేదు. పిల్ల చేయి అందేది నాలుగడుగుల వరకే. పైభాగం పాత మీగడ రంగుతోనే వదిలేసి, కింది నాలుగడుగులకు తడిగుడ్డతో తుడిస్తే పోని రంగు వేస్తే చాలు. నాలుగు గోడలూ కలిపి సుమారు 150 చదరపు అడుగులు. రెండు పూతలకు నాలుగు లీటర్ల డబ్బా సరిపోయింది, కొంత మిగిలింది కూడా. పాపను అడిగితే ఎరుపు అంది, మళ్ళీ అడిగితే నీలం అంది, చివరికి వాళ్ళమ్మ ఎంచిన లేత అరటాకు రంగు ఖాయమైంది. ఏనుగులు ఊడదీస్తే వాటితోపాటు రంగు కూడా పెచ్చులుగా వచ్చింది. ఆ గుంటలకు పుట్టీ, దానిమీద ప్రైమరు.

కిటికీ ఊచల దగ్గర కాస్త ఆలోచించవలసి వచ్చింది. మా భవనం పాతది. ఇళ్ళకు వాడే రంగుల్లో సీసం పదిలక్షల పాళ్ళలో 90 పాళ్ళకు మించరాదని కేంద్రప్రభుత్వం 2016లో నియమం చేసింది. అది 2017 నవంబరు 1 నుంచి అమలులోకి వచ్చింది. అంతకు ముందు వేసిన ఎనామెల్ రంగుల్లో ఏముందో చూసి చెప్పలేము. సీసం పసిపిల్లల మెదడుకు చేటు. పొడిగా గీకితే ఆ దుమ్మంతా గాలిలోకీ, అక్కడినుంచి పిల్ల చేతుల మీదకూ, నోట్లోకీ పోతుంది. అందుకని ఊచలను నీళ్ళు చల్లుతూ తడి గరుకు కాగితంతో రుద్ది, ఆ మురికిని గుడ్డతో తుడిచి, గుడ్డ పారేసి, నేల రెండుసార్లు తడిపెట్టాను. ఆ పని జరిగినన్నాళ్ళూ పిల్ల ఇంట్లో ఉండకూడదని, తల్లీకూతుళ్ళను తెనాలిలో మా అమ్మ దగ్గరకు పంపాను.

నేను చేసిన తప్పు ఒకటి ఒప్పుకోవాలి. శ్రావణమాసంలో రంగులు మొదలుపెట్టాను. బయట ముసురు. ఒక పూత ఆరి, రెండో పూతకు సిద్ధం కావడానికి రోజున్నర పట్టింది. రెండు రోజులనుకున్నది ఐదు రోజులైంది. పెయింటరును పిలిచినా ఆలస్యం తప్పేది కాదు, కూలి మాత్రం మిగిలింది. నా రెండు భుజాలూ ఆ మిగులు మొత్తాన్ని వారం రోజులు మోశాయి.

రంగు వేసేటప్పుడు ఉయ్యాల అడ్డం వచ్చింది. తియ్యాలంటే గొలుసులు విప్పాలి. నేను విప్పలేదు. ఒక పాత తెల్లదుప్పటి తెచ్చి, రంగు చుక్కలు పడకుండా దానిమీద కప్పి, చుట్టూ తిరిగి రంగు వేసుకున్నాను.

ఇక మంచం. చాపమీద బొంత పరిచి పడుకోబెడితే సరిపోదా అన్నది మా అమ్మ సలహా. సరిపోతుంది. కానీ మా ఆవిడకు పరుపు కావాలి. వారం రోజులు నేలమీదే పరుపు వేసి చూశాము. ఎత్తి చూస్తే అడుగున చెమ్మ, నల్లటి బూజు చుక్కలు. వానాకాలంలో నేలకు అతుక్కున్న పరుపుకు గాలి ఆడదు. మన పెద్దలు పొద్దున్నే పక్క ఎత్తి చాప చుట్టి నిలబెట్టడంలో ఉన్న ఇంగితం అప్పుడు బోధపడింది. అంటే ఎత్తు తక్కువగా ఉండాలి, కింద గాలి ఆడాలి. కార్ల ఆకారంలో, కోటల ఆకారంలో పిల్లల మంచాలు దుకాణాల్లో ఉన్నాయి కానీ, ఒక్కొక్కటి మా మొత్తం పద్దును రెండుసార్లు మింగగలదు.

ఆదివారం ఎర్రగడ్డ సంతకు వెళ్ళాను. అక్కడ దొరకని వస్తువు లేదంటారు. అదే వస్తువు రెండోసారి దొరుకుతుందన్న హామీ మాత్రం లేదు. పాత బీరువాల వెనక ఒక నవారు మంచం కనబడింది. గట్టి చెక్క, బుర్రకాళ్ళు, నవారు మాసిపోయింది కానీ చిరగలేదు. రెండు వేలు చెప్పాడు, 1,200కు ఇచ్చాడు. ఆటోకు 350. నవారు విప్పి ఉతికి, ఎండ కాసిన రోజు చూసి ఆరవేసి మళ్ళీ బిగించాము. కాళ్ళు పద్దెనిమిది అంగుళాలు. ఎనిమిది అంగుళాలకు కోయమని మా వీధి చివర వడ్రంగిని పిలిచాను. ఆయన రంపం తీయకుండా మంచం చుట్టూ ఒకసారి తిరిగాడు.

"పాప పెద్దగైతే ఏం జేస్తరు సార్? కోసిన కాలు మల్ల అతుకదు" అన్నాడు.

నేను కాసేపు తటపటాయించాను. పిల్ల పొడవు మంచానికి మించేది ఎలాగూ పదేళ్ళకు కానీ రాదు, ఎత్తు తక్కువైతే పెద్దపిల్ల పడుకోకూడదని ఏముంది, కొయ్యమన్నాను. కోసిన నాలుగు ముక్కలు చిత్రిక పట్టించి గరుకు కాగితంతో నున్నగా రుద్దాను. అవి ఇప్పుడు పాపకు ఒక పూట రైలు పెట్టెలు, ఒక పూట పోపుడబ్బాలు, ఒక పూట నాలుగు ఏనుగులు. కొని తెచ్చిన బొమ్మల్లో దేనికీ అంత ఉద్యోగం దొరకలేదు.

మా పెళ్ళినాటి దూది పరుపు ఒకటి సజ్జమీద ఉంది. దాన్ని ఏకించి చిన్న పరుపు కుట్టిస్తే కొత్త గుడ్డతో కలిపి 700 అయింది. కిటికీ తెరలు మా ఆవిడ పాత మంగళగిరి చీరలు. దుప్పటి బొంత మా అత్తయ్యగారు పాప పుట్టినప్పుడు కుట్టి పంపినదే. పసిబిడ్డకు కొత్తబట్ట గరుకని, ఉతికి ఉతికి మెత్తబడిన చీరలు ఎంచి కుట్టారావిడ. అది ఉయ్యాలలో పరిచినప్పుడు నాలుగు మడతలు వేయవలసి వచ్చేది. మంచంమీద ఇప్పుడు సరిగ్గా సరిపోతోంది.

పళ్ళ దుకాణంలో కొయ్య ఆపిల్ పెట్టెలు నాలుగు, ఒక్కొక్కటి 40 రూపాయలకు దొరికాయి. మేకుల మొనలు కొట్టి, పెళుసులు రుద్ది, పక్కకు పడుకోబెట్టి గోడకు బిగిస్తే పుస్తకాల అరలైనాయి. పుస్తకాల వెన్నులు కాక అట్టలు కనబడేలా పెట్టడం ముఖ్యం. చదవడం రాని పిల్ల బొమ్మను చూసే కదా పుస్తకం తీసుకునేది. ఆ పుస్తకాలు ఆదివారం ఆబిడ్స్ కాలిబాట మీద కొన్నవి, పన్నెండింటికి 480. నా కోసం ఒక పాత చందమామల కట్ట కూడా కొన్నాను. అది ఈ పద్దులోకి రాదని ఆర్థికమంత్రి తీర్పు.

బొమ్మల్లో సగం అట్టపెట్టెలో పెట్టి సజ్జమీదకు ఎక్కించాము. నెలకొకసారి దింపి మార్చుకోవచ్చు. కింది అరలో ఉంచినవాటిలో ఏటికొప్పాక బొమ్మలు రెండు ఉన్నాయి. అంకుడు కర్రను చిత్రికపట్టి, లక్కతో రంగులద్ది చేస్తారు వాటిని. 2017లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. ఆనాడు పాప సొరుగులెక్కింది వాటిలో ఒకదాని కోసమే. సొరుగుల బల్లను ఎల్ ఆకారపు ఇనుప పట్టీలతో గోడకు బిగించాను. పట్టీలకూ మరలకూ 120 రూపాయలు. మూడేళ్ళ కిందటే చేయవలసిన పని అది. ప్లగ్గు రంధ్రాలకు మూతలు పది, 150. మిగతావన్నీ ఆలస్యమైనా ఫరవాలేదు కానీ, ఇంట్లో చంటిపిల్లలున్న చదువరులు ఈ రెండు పనులూ రేపటికి వాయిదా వేయవద్దని నా మనవి. తలుపు పక్కన మూడడుగుల మేర నల్లబల్ల రంగు వేసి సుద్దముక్కలు ఇచ్చాము. మిగిలిన గోడమీద కూడా గీస్తూనే ఉంది, అది వేరే సంగతి.

ఇంతవరకు ఇవన్నీ వరసగా చెప్పాను కానీ, జరిగింది ఇంత వరసగా కాదు. మధ్యలో, తెనాలినుంచి వాళ్ళు తిరిగి వచ్చిన రోజు ఉంది.

ఆ ఉయ్యాల మాది కాదు. మా ఆవిడ అమ్మమ్మగారి కాలంలో టేకుతో చేయించినది. మేకులు లేవు, అన్నీ కొయ్యచీలలే. ఆ ఇంటి పిల్లలంతా, మా అత్తయ్యగారితో సహా, బారసాల నాడు అందులో పడుకున్నవాళ్ళే. దానికి యజమాని అంటూ ఎవరూ లేరు. ఎవరింట పురుడైతే ఆ ఇంటికి వెళుతుంది, మళ్ళీ పురుడు వచ్చినప్పుడు అక్కడినుంచి కదులుతుంది. పక్కపలక అంచున పళ్ళు వస్తున్న పిల్లలెవరో కొరికిన గుర్తులున్నాయి. వాటిలో మా ఆవిడవి కొన్ని అని అత్తయ్యగారు అంటారు. మా పాపవి కొన్ని అని నేను ఎరుగుదును.

పాప దిగిపోయాక కూడా దాన్ని ఉంచుకున్నది రెండో బిడ్డ కోసం. నిరుడు కార్తీకంలో మా ఆవిడకు ఐదో నెల రాగానే కడుపు నిలవలేదు. అంతకంటె ఆ సంగతి రాయలేను. ఆసుపత్రి నుంచి వచ్చాక ఇంట్లో ఎవరమూ ఆ మాట ఎత్తలేదు. ఖాళీ ఉయ్యాల ఊపకూడదంటారు. మా ఆవిడకు ఇలాంటి నమ్మకాలు పెద్దగా లేవు. అయినా అప్పటినుంచి ఆ ఉయ్యాలలో ఎప్పుడూ ఏదో ఒకటి ఉండేది. మడిచిన బొంతో, పాప గుడ్డబొమ్మో. ఆట అయ్యాక పాప తన బొమ్మను తీసుకుపోతే, కాసేపటికి అందులోకి ఒక దిండు వచ్చేది. నేను గమనించాను. గమనించినట్టు కనబడలేదు.

తెనాలినుంచి దిగగానే పాప కొత్త గోడలు చూడడానికి పరుగెత్తింది. వెనకే వచ్చిన మా ఆవిడ గుమ్మంలో ఆగిపోయింది. అరటాకు రంగు గోడల మధ్య, నిలువునా తెల్లదుప్పటి కప్పిన ఉయ్యాల. ఐదు రోజులుగా దాని చుట్టూ తిరిగిన నాకు అది ఎలా కనబడుతుందో తోచనే లేదు. ఆమె లోపలికి వచ్చి, దుప్పటి తీసి, రంగు చుక్కలు లోపలికి వచ్చేలా మడిచి, ఉతికే బట్టల్లో వేసింది. రంగు బాగుందంది.

ఆ రాత్రి పాప నిద్రపోయాక అంది, "ఏమండీ, ఆ ఉయ్యాల అమ్మ దగ్గరకు పంపిద్దాం. చెల్లికి ఏడో నెల వచ్చింది."

"తొందరేముంది? గది పని కానీ" అన్నాను.

"అది ఉండగా గది పని ఎలా అవుతుంది? మీ పటం చూశాను. దానికి చోటు ఉంచడానికి మంచాన్ని తలుపుకు అడ్డంగా గీశారు."

నిజమే. ఆ గదిలో మంచం పెట్టదగిన చోటు ఒక్కటే, కిటికీ పక్క. అది నాకు మొదటిరోజే తెలుసు.

"నీ కోసమని ఉంచాను" అన్నాను.

ఆమె చాలాసేపు ఏమీ అనలేదు. తరువాత, "నేను మీ కోసమని ఊరుకున్నాను" అంది. "డాక్టరుగారు మళ్ళీ ప్రయత్నించవచ్చు అన్నప్పుడు మీ ముఖం చూశాను. ఇంక నా వల్ల కాదండీ. ఆ మాట మీతో ఎలా అనాలో తెలియక పది నెలలనుంచి దాన్ని తుడుస్తున్నాను."

ఆమె చూసిన నా ముఖంలో ఉన్నది ఆశ కాదు, భయం. ఆ సంగతి నేనూ పది నెలలుగా చెప్పలేదు. ఆమెకు కావాలేమో, నేను వద్దంటే నొచ్చుకుంటుందేమో అనుకున్నాను. ఇద్దరమూ ఒకరి కోసం ఒకరం ఒక ఉయ్యాలను కాపలా కాశాము. ఆ రాత్రి ఎంతసేపు మాట్లాడుకున్నామో తెలియదు. పాలవాడు వచ్చేదాకా అని మాత్రం గుర్తు.

మర్నాడు మా ఆవిడ రాజమహేంద్రవరానికి ఫోను చేసింది. అవతల అత్తయ్యగారు, "మీకు ఇంకా అవసరమేమోనని నేను అడగలేదమ్మా" అన్నారు. కొంచెం ఆగి, "పసుపు రాసి పంపు" అన్నారు. చెల్లెలి పురిటికి అక్కడ ఒక కొత్త ఉయ్యాల బేరం కూడా చేసి పెట్టుకున్నారని తరువాత తెలిసింది. మా దగ్గర ఉన్నదాని పేరు ఎత్తకుండా ఉండడం కోసం.

చీలలు ఒక్కొక్కటే ఊడదీసి, ఏది ఎక్కడిదో కాగితం చుట్టి గుర్తులు పెట్టాము. పలకలు తుడిచి, పసుపు రాసి, పాత దుప్పట్లలో చుట్టి, గోనెసంచి కుట్టాము. బస్సు పార్సిలుకు 900 అయింది. దుకాణంవాడు సరుకేమిటి అని అడిగితే నేను "కొయ్యసామాను" అన్నాను. మా ఆవిడ "ఉయ్యాల అని రాయండి, జాగ్రత్తగా దింపుతారు" అంది.

సాయంత్రం నిద్ర లేచిన పాప కొక్కేల వైపు చూసి, "నా ఉయ్యాల ఏదీ?" అంది.

"పిన్నికి పాపాయి పుడుతుందిగా, ఆ పాపాయికి పంపించాం" అంది వాళ్ళమ్మ.

"మళ్ళీ వస్తుందా?"

"రాదమ్మా."

కాసేపు ఆలోచించి, "మరి నాకో?" అంది.

ఆ ప్రశ్న న్యాయమైనదే. చంటిబిడ్డ పడుకునేదీ ఉయ్యాలే, అట్లతద్దినాడు చెట్టుకు కట్టుకుని ఊగేదీ ఉయ్యాలే. మన భాషలో రెండింటికీ ఒకటే మాట. కొక్కేలు ఎలాగూ ఉన్నాయి. ఒక టేకు పలక 250, తాడు 300. కొక్కేల బలం పరీక్షించడానికి డెబ్బై కిలోల నేను పావుగంట ఊగాను. మా ఆవిడ చూసి నవ్వింది. నవ్వి చాలాకాలమైందేమో, తరువాత కళ్ళు తుడుచుకుంది. పలక నేలకు అడుగు ఎత్తున ఉంటుంది, కింద పాత బొంత పరుస్తాము. పెద్దవాళ్ళు ఎవరూ లేనప్పుడు తాళ్ళు పైకి ముడివేసి ఉంచుతాము. మంచాన్ని కిటికీ పక్క గోడకు ఆనించి, ఊచల దాకా ఎక్కడానికి వీలైన వస్తువులన్నీ అక్కడినుంచి తీసేశాము.

నోటుపుస్తకంలో లెక్క ఇలా తేలింది. రంగు, ప్రైమరు, పుట్టీ, రోలరు, గరుకు కాగితం 2,310. నల్లబల్ల రంగు, సుద్దముక్కలు 280. మంచం, ఆటో, వడ్రంగి కూలితో కలిపి 1,850. పరుపు 700. ఆపిల్ పెట్టెలు, మేకులు 250. పట్టీలు, మూతలు 270. పుస్తకాలు 480. ఊగే ఉయ్యాల 550. ఆఖరి పంక్తిలో 'ఉయ్యాల పంపకం 900'. అది గది ఖర్చు ఎలా అవుతుందని అడిగాను. "గది కోసమేగా" అంది. మొత్తం 7,590. మిగులు 410.

మొన్న రాజమహేంద్రవరంలో బారసాల జరిగింది. మా మరదలికి కొడుకు. ముగ్గురమూ వెళ్ళాము. పిల్లవాణ్ణి ఉయ్యాలలో వేసేటప్పుడు పేరంటాళ్ళతో కలిసి మా ఆవిడ కూడా ఊపింది. పాప మాత్రం పక్కపలక మీది పంటిగాట్లు చూపించి, అవి తనవేనని వచ్చినవాళ్ళందరికీ చెప్పింది.

ఆ 410 రూపాయలు ఏమైనాయో చెప్పి ముగిస్తాను. కొత్త మంచంమీద పాప పడుకున్న మొదటి రాత్రి, రెండు గంటలవేళ ఎవరో నా మోచేయి తట్టారు. చూస్తే పాప, చంకలో దిండుతో. ఎనిమిదంగుళాల ఎత్తు మంచంనుంచి పిల్ల సురక్షితంగా దిగగలదని లెక్క వేసుకున్నాము. దిగినది మా దగ్గరకు నడిచి వస్తుందన్నది లెక్కలో లేదు. ఉయ్యాలలో ఉన్న రోజుల్లో తను ఏడిస్తే మేము పరుగెత్తేవాళ్ళం. ఇప్పుడు ఏడవకుండా తనే వచ్చింది. వాళ్ళమ్మ జరిగి చోటు ఇచ్చింది.

మర్నాడు నడవలో చిన్న రాత్రిదీపం ఒకటి పెట్టించాను. వచ్చేటప్పుడు కాలికి ఏదీ తగలకుండా ఉంటుందని.